అల్లుడుగారి ఓల్టేజీ

...అసలు వంతెన దగ్గరే ఎందుకు? ఊరు దాటేటప్పుడు కాదు, టోల్‌గేటు దగ్గర కాదు, వానలో లారీలన్నీ బారులు తీరినప్పుడు కాదు. వంతెన మలుపు తిరిగి, నదికి అవతల ఓడరేవు దీపాలన్నీ ఒక్కసారిగా కనబడే ఆ క్షణంలోనే ఎందుకు ఆగాలి? అంటే కావాలనే. మిషన్లకు కావాలని ఉండదంటారు, వాళ్ళ మొహం. వీటికున్న కక్ష మనిషికి ఉండదు. పోనీ ఆగి ఊరుకుంటుందా అంటే అదీ లేదు. తెర మధ్య చిన్న పెట్టె వేసి, 'గ్రాఫిక్స్ మెమరీ చాలడం లేదు' అని రాస్తుంది. పచ్చి అబద్ధం. మెమరీ బోలెడంత ఉంది. తప్పు తనదని ఒప్పుకోలేక పక్కవాడి మీదికి తోసేసే మిషను ఇదొక్కటే చూశాడు తను.

మంగరాజు ముందు గదిలో నేల మీద కూర్చుని, కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీసి, బ్లోయర్‌తో లోపలికి గాలి కొడుతున్నాడు. నిన్న కూడా కొట్టాడు. దుమ్ము లేదు. దుమ్ము లేకపోవడం చూసి అతనికి మరింత ఒళ్ళు మండింది. ఉండి ఉంటే తప్పు దుమ్ముదయ్యేది.

ఈ వారంలో అతను చేయని పని లేదు. ఆటను తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ప్రాసెసర్ మీద పేస్టు తుడిచి కొత్తది రాశాడు. మెమరీ కార్డులు పీకి గుచ్చాడు. ఈ జబ్బుకు ఇంటర్నెట్‌లో వైద్యం రాసినవాళ్ళందరూ ఒకే మాటతో మొదలుపెట్టారు: ముందు ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ పెట్టిన చోటికి దించి చూడండి. మంగరాజు ప్రతి వ్యాసాన్నీ రెండో పేరా నుంచి చదివాడు.

ఎందుకంటే ఆ వేగం పెంచింది తనే. కంపెనీవాడు ఐదు పాయింట్ మూడు గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేస్తే, తను సెట్టింగుల్లోకి వెళ్ళి ఐదు పాయింట్ ఎనిమిది చేశాడు. అలా చేసిన రోజు ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. "కంపెనీవాడు భయపడి తక్కువకి కట్టేశాడండి. లోపల ఇంకా బోలెడు శక్తుంది." భార్య విజయదుర్గ అప్పుడు కాఫీ ఇస్తూ అతని మొహం వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. ఆ చూపూ అతనికి కోపమే తెప్పించింది. నంబరు ముట్టుకోక ముందు అదే వంతెనను తను హాయిగా, ఎన్నోసార్లు దాటిన సంగతి అతనికి గుర్తుంది. గుర్తున్న సంగతిని గుర్తులేనట్టు మోసుకు తిరగడానికి చాలా బలం కావాలి. ఆ బలమంతా పొద్దున్నుంచి రాత్రిదాకా చిరాకు రూపంలో ఖర్చయ్యేది.

సగం జీవితం దోహాలో ట్రైలర్ లారీలు తోలినవాడు. కిందటేడు కంపెనీ డాక్టరు కళ్ళలోకి లైటు కొట్టి చూసి, షుగరు రిపోర్టు తిరగేసి, ఇక పెద్ద బండ్లు వద్దన్నాడు. రూములో వాళ్ళు బిర్యానీ పెట్టి పంపించారు. ఇంటికి వచ్చిన వారానికే మంగరాజు ఈ మిషను బిగించి, బల్లకు స్టీరింగు చక్రం, కింద పెడళ్ళు అమర్చి, లారీలు తోలే ఆటలో కూర్చున్నాడు. ప్రతి శుక్రవారం, దోహాలో సెలవు రోజున, అతని పాత స్నేహితులందరూ తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చుని అదే ఆటలో లారీలను ఒకదాని వెనక ఒకటి నడిపేవారు. ముందు బండి ఎప్పుడూ మంగరాజుదే. నిజం రోడ్డు మీద కూడా అతనిదే ఉండేది. ఇప్పుడు అతనికి ఉన్నది ఈ ముందు బండి ఒక్కటే.

ఫోను మోగింది. రాజోలు స్టీఫెన్. దోహాలో ఒకే గదిలో కింద మంచం అతనిది, పై మంచం మంగరాజుది.

"గురూ, మూడింటికి బయల్దేరుతున్నాం. నువ్వే ముందు. కానీ మళ్ళీ వంతెన మీద మాయమైపోయేవనుకో, ముందు బండి కేరళ కోయాకిచ్చేస్తామంటున్నారు. నువ్వు మాయమైతే వెనకోళ్ళందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కేస్తన్నారు మరి."

"ఆగదు."

"నంబరు దించేవా?"

"నంబరుకేం రోగం? కరెంటు సంగతి చూస్తున్నాను."

"మధ్యలో యూపీఎస్ ఉంది కదా నీకు?"

"దోహాలో కూర్చుని ఇక్కడి కరెంటు గురించి నాకు చెప్పకు!" అని మంగరాజు ఫోను పెట్టేశాడు. కరెంటు అనే మాట నోటికి అడ్డంగా వచ్చిందే తప్ప ఆలోచించి అన్నది కాదు. కానీ అన్న తర్వాత అది నిజంలా వినిపించింది. రేకు బిగించి, పరీక్షగా ఒకసారి లారీని వంతెన దాకా తోలాడు. మలుపు తిరిగింది. దీపాలు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లో మిక్సీ గుర్రుమంది. తెర నల్లబడింది. పెట్టె వచ్చింది.

మంగరాజు కుర్చీ తన్నుకుంటూ లేచాడు. దొరికింది దొంగ.

"ఆపు! ముందు ఆపేయ్ దాన్ని!"

విజయదుర్గ మిక్సీ మూత మీద చెయ్యి అలాగే ఉంచి తిరిగి చూసింది. "గోంగూర అండీ."

"నీ గోంగూరకి నా లారీ ఆగిపోయింది! నాలుగు మెతుకుల్లో కలుపుకునే పచ్చడికి లారీ ఆగిపోవాలా?"

"ఆయ్, అమ్మావాళ్ళింట్లో వేసుకొస్తానండి." ఆవిడ మిక్సీ ప్లగ్గు పీకి, గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. వాదించలేదు. ఆ వాదించకపోవడం మంగరాజుకు గొంతులో ముల్లులా గుచ్చుకుంది. దోహాలో మనిషి మీద అరిస్తే మనిషి తిరిగి అరిచేవాడు. అరుపుకి ఒక గోడ ఉండేది. ఇది అత్తారి ఊరు. పండక్కి వచ్చి పోయేవాడు ఒక్క ఇంటికే అల్లుడు. ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాడు ఊరు ఊరంతటికీ అల్లుడు. ఇక్కడ ఎవడి మీద అరిచినా ఆయ్ అంటాడు, కుర్చీ వేస్తాడు.

ఆ పక్కింట్లో ఉన్నది అత్తగారు సత్యనారాయణమ్మ. అల్లుడు ఖాళీగా ఇంట్లో కూర్చున్నాడన్న మాట ఆవిడ నోటివెంట రాదు. రాకూడదు. అందుకని, గదిలోంచి స్టీరింగు చప్పుడూ దోహా మాటలూ విని, కొన్నాళ్ళ కిందట వీధిలో చెప్పింది: "మా అల్లుడుగారికి ఇంటి నుంచే డ్యూటీ ఇచ్చేరండి. ఇక్కడ చక్రం తిప్పితే అక్కడ లారీ తిరుగుద్దంట." ఆ మాట కిటికీలోంచి మంగరాజుకు వినబడింది. కాదని చెప్పడానికి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. బద్ధకం అనుకున్నాడు. ఆ మర్నాటి నుంచి వీధిలో నమస్కారాలు కాస్త వంగి పెడుతున్నారనిపించింది. ఇక కాదనడానికి కుదరలేదు.

మిక్సీ ఆగిపోయాక కూడా బల్ల పక్కనున్న స్టెబిలైజరు మీద ఎర్ర అంకెలు పైకీ కిందికీ కదులుతూనే ఉన్నాయి. మంగరాజు వాటినే చూస్తూ నిలబడ్డాడు. మిక్సీ చిన్న దొంగ. పెద్ద దొంగ ఇంకొకడున్నాడు. కిటికీలోంచి దూరంగా నీళ్ళను బాదుతున్న చప్పుడు వినబడుతోంది. పెదబాబు రొయ్యల చెరువు. రొయ్యలకు గాలి ఆడాలని నీళ్ళను చిలికే ఏరేటర్లు, చెరువు నిండా, పగలూ రాత్రీ. కరెంటంతా అవే తాగేస్తున్నాయి.

పెదబాబు విజయదుర్గకు తమ్ముడు. చెరువు దాకా నడుస్తూ దారంతా మంగరాజు మాటలు సిద్ధం చేసుకున్నాడు. మొదట మర్యాదగా అడగాలి. వాడు కుదరదంటాడు. అప్పుడు రొయ్యలు ఎక్కువా బావ ఎక్కువా అనాలి. వాడు లక్షల పంటండీ అంటాడు. అప్పుడు, తన పెళ్ళిలో మగపెళ్ళివారి విడిదింట్లో ఫ్యాను తిరగకపోయినా తను నోరెత్తలేదన్న సంగతి తీయాలి. ఇన్నేళ్ళుగా అట్టే దాచిపెట్టిన ఆయుధం అది. ఇవాళ వాడతాడు. అడుగులు చకచకా పడ్డాయి.

గట్టు మీద పెదబాబు అతన్ని చూడగానే మేత బస్తా కింద పెట్టి, షెడ్డులోంచి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

"రండి బావగారు. ఎండన పడి వచ్చేరు. కబురంపితే నేనే వద్దును కదండీ."

"కూర్చోడానికి రాలేదు."

"ఆయ్. ముందు బొండం తాగండి." క్షణంలో బొండం చెక్కి చేతిలో పెట్టేశాడు. అంచు దాకా నీళ్ళున్న బొండాన్ని రెండు చేతులా పట్టుకుని కోపంగా మాట్లాడడం కుదరదని మంగరాజుకు అప్పుడు తెలిసింది. చెయ్యి ఊపితే ఒలికిపోతుంది. తాగేసి మాట్లాడదామని తాగాడు. పెదబాబు రెండోది చెక్కి ఇచ్చాడు.

"పెదబాబూ, నీ ఏరేటర్ల వల్ల నా ఓల్టేజీ పడిపోతోంది."

"ఆయ్. పడిపోద్దండి."

"పడిపోద్దా? తెలిసి కూడా ఊరుకున్నావా?"

"తప్పేనండి బావగారు."

"మూడింటికి నాకు..." మంగరాజు ఆ మాట దగ్గర కొంచెం ఆగాడు. "పనుంది."

"డ్యూటీ కదండీ. అమ్మ చెప్పింది. ఆపేస్తానండి."

"ఏంటి ఆపేది?"

"ఏరేటర్లండి. అన్నీ ఆపేస్తాను. మీ పని అయ్యేక వేసుకుంటాం." అంటూ పెదబాబు తలెత్తి ఆకాశం వైపు ఒకసారి చూశాడు. కాట్రేనికోన వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో గాలి చాలదని, ఏరేటర్లు ఆపితే రొయ్యలు ఉక్కిరిబిక్కిరై పైకి తేలతాయని చెరువుల పక్కన కాపరమున్న ప్రతివాడికీ తెలుసు. మంగరాజుకూ తెలుసు. పెదబాబు ఆకాశం నుంచి కళ్ళు దించి, "ఇంకో బొండం కొట్టమంటారా?" అన్నాడు.

మంగరాజు తిరిగి వస్తూ దారంతా ఉడికిపోయాడు. గెలిచి వస్తున్నవాడిలా లేదు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ, విడిదింటి ఫ్యానుతో సహా, వాడకుండా లోపలే మిగిలిపోయాయి. తినకుండా వదిలేసిన కూరలా అవి పులుస్తున్నాయి. వాడు కాదని ఉండవలసింది. కనీసం, గంట కాదు బావగారూ అరగంటేనండి అని ఉండవలసింది. మనిషన్నవాడు దేనికో ఒకదానికి అడ్డం చెప్పాలి కదా.

ఇంటి గేటు దగ్గర పిండిమర వెంకటరాజు నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా పిండి.

"అల్లుడుగారండి, మర కట్టేసేనండి. పొద్దున్న నుంచి మీకు ఇబ్బంది చేస్తన్నట్టున్నాను."

"మిమ్మల్ని ఎవరు కట్టేయమన్నారు?"

"సత్యనారాయణమ్మగారు చెప్పేరండి. అక్కడ వంతెన మీద లారీ ఆగిపోతే ప్రమాదం కదండీ. వెనక ఎంతమంది వస్తన్నారో ఏమో. పిండిదేవుందండి, రేపు ఆడతాను."

"మరి బియ్యం తెచ్చినవాళ్ళు?"

"వాళ్ళూ ఆయ్ అన్నారండి."

నోరు తెరిచి నిజం చెప్పేయడానికి అదే మంచి సమయం. మంగరాజు నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడు లైన్‌మన్ ప్రసాద్ మోటార్‌సైకిలు ఆపి దిగాడు.

"నమస్కారమండి. వీధి వీధంతా మెయిన్లు దించేసేరండి. ఫ్రిజ్జులూ, ఫ్యాన్లూ, మోటార్లూ ఏవీ లేవు. లైను మొత్తం మీ ఒక్క ఇంటికే అట్టేపెట్టేం. నా సర్వీసులో ఇలాంటి ఓల్టేజీ చూళ్ళేదండి, పాలపొంగులా ఉంది."

మంగరాజు నోరు మూసుకున్నాడు. లోపల ఒక చిన్న, సిగ్గులేని ఆశ తల ఎత్తింది. ఇంత చేశాక ఒకవేళ నిజంగానే దాటితే? దాటితే కరెంటుదే తప్పు. నంబరు సరైనదే. ఐదు పాయింట్ ఎనిమిది సరైనదే. ఆ డాక్టరే తొందరపడ్డాడు. ఒక ఊరు ఊరంతా చెమటలు కక్కుతూ కూర్చుంటే తప్ప తేలని విషయమైతే, అలాగే తేలనీ. అడిగిన ప్రతిదానికీ ఆయ్ అనేవాళ్ళ మధ్య మనిషికి తన అబద్ధం ఎంత దూరం వచ్చేసిందో కొలుచుకోవడానికి మైలురాళ్ళు పాతి ఉండవు.

మూడు అవుతుండగా ఊరు మూగబోయింది. మర లేదు, మోటార్లు లేవు, చెరువులో నీళ్ళ చప్పుడు లేదు. కొబ్బరాకు కదలని ఉక్క. ఫ్యాన్లు లేని ఇళ్ళలో ఉండలేక జనం ఒక్కొక్కరే, ఫ్యాను తిరుగుతున్న ఒకే ఒక్క ఇంటికి వచ్చారు. వెంకటరాజు వచ్చాడు, ప్రసాద్ వచ్చాడు, తడి కాళ్ళతో పెదబాబు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆడవాళ్ళు కిటికీ పక్కన చేరారు. సత్యనారాయణమ్మ అందరినీ ఒకసారి చూసుకుని, తృప్తిగా లేచి, ఆ ఉన్న ఫ్యాను కూడా కట్టేసింది.

"ఎందుకొచ్చిందండీ, ఓల్టేజీ లాగేస్తది," అంది.

"ఆయ్," అన్నారందరూ చెమటలు తుడుచుకుంటూ.

మంగరాజు చక్రం పట్టుకున్నాడు. వీపు మీద ఇన్ని కళ్ళు. స్పీకర్లోంచి స్టీఫెన్ గొంతు, "పద గురూ, నీ వెనకాలే ఉన్నాం," అంది. లారీ కదిలింది. వెనక కోయా, స్టీఫెన్, మిగతా అందరూ వరసగా. టోల్‌గేటు దాటింది. "అబ్బ, ఏం తోలతన్నారండీ," అని వెంకటరాజు గొణిగాడు. ఊరు దాటింది. స్టెబిలైజరు మీద ఎర్ర అంకెలు రాతి మీద చెక్కినట్టు కదలకుండా ఉన్నాయి. లోకంలో ఏ మిషనుకూ ఇంత మంచి కరెంటు అంది ఉండదు. మలుపు వచ్చింది. మంగరాజు చక్రం తిప్పాడు. నది కనబడింది. ఓడరేవు దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

తెర నల్లబడింది. మధ్యలో చిన్న పెట్టె. గ్రాఫిక్స్ మెమరీ చాలడం లేదు.

స్పీకర్లోంచి లారీలు గుద్దుకున్న చప్పుడు, దాని మీద నాలుగు భాషల్లో తిట్లు వినిపించాయి. అన్నిటి తర్వాత స్టీఫెన్ గొంతు, నెమ్మదిగా, "సర్లే గురూ. కోయా, నువ్వు ముందుకెళ్ళు," అంది.

మంగరాజు వెనక్కి తిరగలేదు. ఇప్పుడు అంటారు. ఎవడో ఒకడు అంటాడు. మా ఫ్యాన్లు ఆపించి, మా మర ఆపించి ఇదా నువ్వు చేసింది అని. అననీ. అంటే తనూ అంటాడు. పొద్దున్నుంచి మిగిలిపోయిందంతా అప్పుడు వాడేస్తాడు. మెడ బిగించుకుని ఆ మాట కోసం ఎదురుచూశాడు.

"ఓల్టేజీ మరీ ఎక్కువైపోయిందేమోనండి," అన్నాడు ప్రసాద్.

"మరేనండి," అన్నాడు వెంకటరాజు. "ఒక్కసారిగా అంత కరెంటు మీద పడితే దానికి మాత్రం కంగారుగా ఉండదా అండీ."

"దిష్టి కూడానండి," అంది సత్యనారాయణమ్మ. "ఇంతమంది చూస్తుంటే. నేను ముందే అనుకున్నాను."

మంగరాజు చక్రం మీద పిడికిలితో బాదాడు. ఎక్కడో ఫోను గుర్రుగుర్రుమంటోంది. పెదబాబు లుంగీ మడతలోంచి తీసి, చూసి, మాట్లాడకుండా మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు. ఫోను మళ్ళీ మోగింది.

"ఏంటది?" మంగరాజు కుర్చీ తిప్పాడు.

"ఏం లేదండి బావగారు."

"ఏం లేకపోతే అన్నిసార్లు ఎవరు చేస్తారు? మాట్లాడు!"

పెదబాబు ఫోను చెవిన పెట్టుకుని విన్నాడు. "చెరువు దగ్గర్నించండి. ఏం లేదు, రొయ్యలు కొంచెం..." పెదబాబు తల గోక్కున్నాడు. "పైకి వస్తున్నాయంటండి. గట్టు పక్కకి చేరిపోతున్నాయంట. మీ పని అయిపోనివ్వండి, చూసుకుందాం."

మంగరాజు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నీకు బుద్ధుందా? పంటంతా చచ్చిపోతుంటే ఇక్కడ నిలబడి నా వీపు చూస్తున్నావా? పరిగెత్తు! ఏరేటర్లు వేయించు!"

"మీ లారీ వంతెన మీద..."

"లారీ లేదు!" మంగరాజు గొంతు పగిలింది. "లారీ లేదు, వంతెన లేదు, డ్యూటీ లేదు! నన్ను పనిలోంచి తీసేశారు! ఇది ఆట! పిల్లకాయలు ఆడుకునే ఆట! విన్నారా అందరూ? ఆట!"

కిటికీ దగ్గర ఎవరిదో గాజుల చప్పుడైంది. మంగరాజు రొప్పుతూ ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఆశ్చర్యం కోసం వెతికాడు. దొరకలేదు.

"ఆయ్," అన్నాడు వెంకటరాజు చేతులు కట్టుకుని. "తెలుసండి."

"ఏం తెలుసు?"

"ఆటేనని తెలుసండి. మా రెండోవాడు అమలాపురంలో ఇదే ఆడతాడండి. వాడు పసుపు లారీ తోలతాడు."

మంగరాజు ప్రసాద్ వైపు తిరిగాడు. ప్రసాద్ నేల చూపులు చూస్తూ, "ఇక్కడ తిప్పితే దోహాలో లారీ ఎలా తిరుగుద్దండీ," అన్నాడు, అదేదో తను చేసిన తప్పులా.

"తెలిసి... తెలిసి మర ఎందుకు కట్టేశారు? నువ్వు ఏరేటర్లెందుకు ఆపేవు?"

పెదబాబు ఈ ప్రశ్నకు నిజంగానే ఆలోచించాడు. "మీరు అడిగేరు కదండీ బావగారు."

"ఆటకోసమా? చెరువు మొత్తం ఒక ఆటకోసం చంపుకుంటావా?"

"ఆటకోసం కాదండి. అంత దూరం ఎండలో నడిచి వచ్చి అడిగితే ఎలా కాదంటామండి." అంటూనే పెదబాబు గుమ్మం దిగి చెరువు వైపు పరుగు తీశాడు. అంతసేపు ఆపుకున్న పరుగు అది. ప్రసాద్ వెనకాలే వెళ్ళి మోటార్‌సైకిలు మీద ఎక్కించుకున్నాడు.

మంగరాజుకు కోపం పోలేదు. పోవడానికి దానికి దారి లేదు. ఇన్నాళ్ళూ తను ఊరిని మోసం చేస్తున్నాననుకున్నాడు. ఆ మాత్రం పెద్దరికం కూడా మిగల్లేదు. ఊరే తనను జాగ్రత్తగా, కింద పడకుండా, పట్టుకుని నడిపిస్తోంది. ఆ డాక్టరు ఒక్కడే మొహం మీద మాట చెప్పినవాడు. అతని మీద ఏడాదిగా పళ్ళు నూరుతున్నాడు.

"తప్పు కరెంటుది కాదు," అన్నాడు, ఈసారి అరవకుండా. "కంపెనీ పెట్టిన వేగాన్ని నేనే పెంచేను. అది మొయ్యలేక పడిపోతోంది. మొదట్నించీ నాకు తెలుసు."

"అబ్బే, అలా అనకండి," అన్నాడు వెంకటరాజు కంగారుగా. "కరెంటేనండి."

"కాదంటున్నాను కదా!"

"ఎంత కాదన్నా మా ఊరి కరెంటు మంచిది కాదండి. మీదేం తప్పులేదు."

"మా అల్లుడుగారు పెంచేరంటే దానికేదో కారణం ఉంటదండి," అని సత్యనారాయణమ్మ తేల్చేసింది. మిగతావాళ్ళు తలలూపారు. పొద్దున అబద్ధం చెబితే ఒక్కడూ అడ్డం రాలేదు. ఇప్పుడు నిజం చెబుతుంటే ఊరంతా అడ్డం పడుతోంది. మంగరాజు భార్య కోసం చుట్టూ చూశాడు. విజయదుర్గ తలుపు పక్కన, కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నువ్వు చెప్పు. తప్పు నాదే కదా?"

ఆవిడ పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టింది.

"ఆయ్," అంది.

అతనికి ఆ రోజు మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, కూర్చోబెట్టినందుకు అతనికి కృతజ్ఞతలు చెప్పి మరీ. కాసేపటికి దూరంగా మొదటి ఏరేటరు నీళ్ళను బాదింది. తర్వాత రెండోది. తర్వాత అన్నీ. విజయదుర్గ ఫోనులో తమ్ముడితో మాట్లాడి, "లోపలికి దిగిపోతున్నాయంటండి. పోయినవి కొన్నేనంట," అని చెప్పింది. ఎన్నో అడగబోయి మంగరాజు ఊరుకున్నాడు. అడిగితే వాడు తక్కువే చెబుతాడు. రేపు తనే వెళ్ళి గట్టు మీద చూడాలి, బొండం తాగకుండా. మర మొదలైంది. ఎవరింట్లోనో నీళ్ళ మోటారు ఎత్తుకుంది. స్టెబిలైజరు మీద ఎర్ర అంకెలు మళ్ళీ పిచ్చెత్తినట్టు ఆడసాగాయి.

స్టీఫెన్ ఫోను చేశాడు. "టీ తాగడానికి ఆగేం గురూ. కోయా ముందున్నాడు. వస్తావా, మానేస్తావా?"

"వస్తాను. అందరి వెనకాల ఉంటాను."

"ఆఖరి బండా? నువ్వా?"

"మీ బండ్ల వెనక లైట్లు బాగానే కనబడతాయిలే నాకు," అని పెట్టేశాడు.

మిషను కట్టి మళ్ళీ వేశాడు. మొదటి వెలుగు రాగానే మీట నొక్కి సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ఐదు పాయింట్ ఎనిమిది. దాన్ని కాసేపు చూశాడు. దాని మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాడు కానీ అది తను రాసిన అంకెలాగే, అమాయకంగా, చెప్పిన చోట కూర్చుని ఉంది. తుడిచేసి, కంపెనీ పెట్టిందే పెట్టాడు. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది: ఈ మార్పు ఖాయమేనా?

ఆ ఊళ్ళో ఆ రోజు అతన్ని ఆ మాట అడిగింది అదొక్కటే. మంగరాజు 'అవును' నొక్కాడు.